ప్రీమియర్ అయిపోయింది... మరి తర్వాత?

మా 14 నిమిషాల డాక్యుమెంటరీని మొదటిసారి మన కాలేజీ సెమినార్ హాల్లో వేసిన రోజు మీలో చాలామంది వచ్చారు. మధ్యలో ప్రొజెక్టర్ ఒకసారి ఆగింది. వెనక వరుసల్లోంచి ఎవరో ఈల వేశారు. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి మా ఐదుగురి వాట్సాప్ స్టేటస్‌లు చూస్తే మేమేదో ఆస్కార్ కొట్టుకొచ్చినట్టే ఉంది. పొద్దున లేచేసరికి నోటీసు బోర్డు మీద ఇంటర్నల్స్ టైమ్‌టేబుల్ పడింది. సినిమా సంగతి ఎవరికీ గుర్తులేదు, మాకు తప్ప.

మూడో రోజు బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. సినిమాలో అందరికన్నా ఎక్కువసేపు కనిపించే తాత. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పాతికేళ్లకు పైగా పనిచేసిన మనిషి.

"అందరికి చూపెట్టిన్రంట గద బిడ్డా. మరి నాకెప్పుడు చూపెడ్తరు? నా కొడుకు వచ్చే నెల దుబాయ్ పోతుండు. ఆడు పోకముందే ఇద్దరం కలిసి చూస్తం."

"కొంచెం ఆగు తాతా. ఫెస్టివళ్లకు పంపినం. అప్పటిదాకా బయట చూపెట్టొద్దంట" అన్నాం.

ఆ "అంట" దగ్గరే మేం తప్పు చేశాం. ఎవరో సీనియర్ చెప్పిన మాటను పట్టుకున్నాం తప్ప, రూల్స్ మేం చదవలేదు, ఎవరినీ అడగలేదు. సినిమా తీయడం గురించి యూట్యూబ్‌లో వేల వీడియోలున్నాయి. తీసిన తర్వాత ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. మన క్లబ్బులో ఇప్పుడు ఇంకో రెండు టీములు షార్ట్ ఫిల్ములు తీస్తున్నాయి కాబట్టి, మాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా.

ముందు, మేం ఏం తీశామంటే

వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని వెనకున్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువల నీళ్లతో బోధన్ చుట్టుపక్కల చెరుకు పండింది. ఆ చెరుకును నమ్ముకుని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ వెలిసిన కాలనీయే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు, గేటు మూతపడింది. చెరుకు వేసిన రైతుల్లో చాలామంది వరికి మారిపోయారు.

మేం తీసింది ఆ గేటు ముందు రోజూ సాయంత్రం వచ్చి కూర్చునే నలుగురు పాత కార్మికుల ముచ్చట. క్రషింగ్ సీజన్‌లో ఊరంతా బెల్లప్పాకం వాసన ఎట్లా వచ్చేదో, సైరన్ మోగితే ఇళ్లల్లో గడియారాలు ఎట్లా సరిచేసుకునేవాళ్లో వాళ్లు చెప్తారు. అంతే సినిమా. అప్పు తెచ్చిన కెమెరా, ఒక లేపెల్ మైకు, నిజామాబాద్ బస్టాండ్ నుంచి బోధన్‌కు పదకొండు సార్లు ఆర్టీసీ ప్రయాణం. తిండితో కలిపి సుమారు 11 వేలు అయింది. ఎడిటింగ్ హాస్టల్ రూములోనే.

ప్రీమియర్ అంటే అసలేంటి?

మనం మామూలుగా ప్రీమియర్ అంటే మొదటి షో అనుకుంటాం. ఫెస్టివళ్ల భాషలో అది ఒక లెక్క. ప్రపంచంలో ఎక్కడా జనానికి చూపించకపోతే మొదటిసారి వేసే చోటు 'వరల్డ్ ప్రీమియర్'. సొంత దేశంలో ఆడాక బయటి దేశంలో మొదటిసారి ఆడితే 'ఇంటర్నేషనల్ ప్రీమియర్'. ఆ తర్వాత ఒక్కో దేశానికి, ఒక్కో రాష్ట్రానికి, కొన్నిసార్లు ఒక్కో నగరానికి కూడా ప్రీమియర్ లెక్క ఉంటుంది. కొన్ని ఫెస్టివళ్లు ఇది కచ్చితంగా అడుగుతాయి, ముఖ్యంగా పెద్ద సినిమాలకు. షార్ట్ ఫిల్ములకు చాలా చోట్ల ఇంత పట్టింపు ఉండదు. కొన్ని ఫెస్టివళ్లు మాత్రం యూట్యూబ్‌లో పెట్టిన సినిమాను అసలు తీసుకోవు.

మరి కాలేజీలో వేసిన షో లెక్కలోకి వస్తుందా? టికెట్టు లేకుండా, బయట ప్రకటించకుండా, ఒక క్లాసులోనో క్లబ్బులోనో వేసుకున్నదాన్ని ఎక్కువ ఫెస్టివళ్లు 'ప్రైవేటు స్క్రీనింగ్' కిందే చూస్తాయి. పోస్టరు వేసి, ఇన్‌స్టాలో "అందరూ రండి" అని పిలిస్తే అది పబ్లిక్ షో. మేం రెండోదే చేశాం. పోస్టరులో పెద్ద అక్షరాలతో 'గ్రాండ్ ప్రీమియర్' అని కూడా రాసుకున్నాం. వరల్డ్ ప్రీమియర్ అనే మాటను అలా ఉచితంగా ఖర్చు పెట్టేశాం. అందుకే చెప్తున్నా: మొదటి షో వేసేముందే మీ లిస్టులో ఉన్న ఫెస్టివళ్ల రూల్స్ పేజీ చదవండి. పది నిమిషాల పని.

అప్లికేషన్లు, ఫీజులు, లెక్కలు

ఇప్పుడు ఎక్కువ ఫెస్టివళ్లకు ఫిల్మ్‌ఫ్రీవే అనే సైటు ద్వారా పంపుతారు. మన పేరు మీద ప్రాజెక్టు పేజీ ఒకటి తయారు చేసుకోవాలి: సినిమా పేరు, నిడివి, కథ రెండు వాక్యాల్లో, కథ పది వాక్యాల్లో, దర్శకుడి మాట, స్టిల్స్, పాస్‌వర్డ్ పెట్టిన వీడియో లింకు. ఒకసారి పేజీ తయారైతే ఏ ఫెస్టివల్‌కైనా రెండు క్లిక్కుల్లో పంపొచ్చు. జేబుకు చిల్లు పడేది సరిగ్గా ఇక్కడే. పంపడం సులువు, ఫీజు మాత్రం ప్రతిసారీ కట్టాలి.

ఒకే ఫెస్టివల్‌కు మూడు నాలుగు గడువులుంటాయి. ఎర్లీ బర్డ్, రెగ్యులర్, లేట్, ఎక్స్‌టెండెడ్. గడువు మారినకొద్దీ ఫీజు పెరుగుతుంది. మన సప్లిమెంటరీ ఫీజులాగే అనుకోండి, ఆలస్యానికి జరిమానా. స్టూడెంట్ కేటగిరీ ఉంటే తక్కువకే అవుతుంది. ఫీజు మాఫీ అడుగుతూ మర్యాదగా మెయిల్ రాస్తే కొందరు కోడ్ పంపుతారు. మేం ఏడు మెయిళ్లు రాస్తే రెండింటికి కోడ్ వచ్చింది, ఒకరు "సారీ" అన్నారు, మిగతావాళ్లు పలకలేదు. రెండు మెయిళ్లకు రెండు వేలు మిగిలాయంటే నష్టమేం లేదు.

మొత్తం 12 చోట్లకు పంపాం. ఫీజులకే 9 వేల పైచిలుకు అయింది. సినిమాకు 11 వేలు, పంపడానికి 9 వేలు! ఈ లెక్క ముందే తెలిస్తే షూటింగ్ బడ్జెట్‌లోనే ఫీజులకు ఒక భాగం పక్కన పెట్టుకునేవాళ్లం. మా వాడొకడు మెస్ బిల్లు డబ్బులు ఇటు మళ్లించి నెల రోజులు మమ్మల్నే తిన్నాడు.

ఎంపికయ్యే అవకాశం ఎంతో కూడా తెలుసుకోవాలి. 2024 సన్‌డాన్స్ ఫెస్టివల్‌కు 12,098 షార్ట్ ఫిల్ములు వస్తే తీసుకున్నది 53. అంటే 228 సినిమాలకు ఒకటి. శాతం లెక్కలో అర శాతం కూడా లేదు. ఇది విని భయపడి మానుకోమని కాదు. పెద్ద పేర్లు ఒకటి రెండు పెట్టుకుని, మిగతా డబ్బు మన సినిమాకు సరిపోయే చోట ఖర్చు చేయాలి. డాక్యుమెంటరీ అయితే మన దేశంలోనే మంచి చోట్లున్నాయి. ముంబయి ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ 1990 నుంచి డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్ములు, యానిమేషన్ కోసమే నడుస్తోంది, రెండేళ్లకోసారి. తిరువనంతపురంలో కేరళ చలనచిత్ర అకాడమీ 2008 నుంచి డాక్యుమెంటరీలకు, షార్ట్ ఫిల్ములకు ప్రత్యేకంగా ఒక ఫెస్టివల్ నడుపుతోంది. గోవాలో జరిగే ఇఫీకి ఇండియన్ పనోరమలో నాన్-ఫీచర్ విభాగం ఉంది. కథా సినిమా అయితే బెంగళూరు షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ ఉంది. అందులో గెలిచిన సినిమా ఆస్కార్ పోటీకి అర్హత పొందుతుంది.

ఎదురుచూపు అనే సెమిస్టర్

పంపిన తర్వాత నాలుగైదు నెలలు ఏమీ జరగదు. నిజంగానే ఏమీ జరగదు. రోజుకు పదిసార్లు సైటు తెరిచి చూసినా స్టేటస్ మారదు. మెయిల్ మోగితే గుండె ఆగుతుంది, తీరా చూస్తే ఫీజు తగ్గించామంటూ ఇంకో ఫెస్టివల్ ప్రకటన. ఒకరోజు డేటాబేస్ ల్యాబ్‌లో ఉండగా "నాట్ సెలెక్టెడ్" అని వచ్చింది. వారం తిరక్కుండా ఇంకోటి. తొమ్మిది చోట్ల నుంచి అదే మాట.

మొదటి మూడింటికి బాధేసింది. నాలుగోదానికి సినిమాలో తప్పులు కనపడటం మొదలైంది. ఆరోదానికి అసలు సినిమానే చెత్త అనిపించింది. తొమ్మిదోది వచ్చేసరికి ఇద్దరు క్యాంపస్ ప్లేస్‌మెంట్ కోచింగ్‌లో పడ్డారు, గ్రూపులో మెసేజులు ఆగిపోయాయి. టీముగా తీసినవాళ్లం, తిరస్కారాన్ని మాత్రం ఎవరి రూములో వాళ్లం కూర్చుని చదువుకున్నాం. ఎక్కువ టీములు ఇక్కడే విడిపోతాయని ఇప్పుడు అర్థమవుతోంది. గొడవలేం ఉండవు, మాటలు ఆగిపోతాయంతే. వారానికొకసారి సినిమా గురించి కాకపోయినా కలిసి టీ తాగండి. గాంధీచౌక్ దాకా నడిచి వెళ్లినా సరే.

"నాట్ సెలెక్టెడ్" అంటే సినిమా బాగాలేదని మాత్రమే అర్థం కాదు. ఒక 90 నిమిషాల స్లాటులో ఆరు షార్టులు పెట్టాలంటే నిడివి, విషయం, మూడ్ అన్నీ కుదరాలి. మూతపడ్డ ఫ్యాక్టరీ మీద ఇంకో మంచి సినిమా వాళ్ల దగ్గర అప్పటికే ఉండొచ్చు. కారణం వాళ్లు చెప్పరు. మనం ఊహించుకుని నిద్ర చెడగొట్టుకోవడం దండగ.

లారెల్ ఆకుల అంగడి

ఇంకో రకం మెయిళ్లు కూడా వస్తాయి. "మీ అద్భుతమైన సినిమా చూశాం, మా ఫెస్టివల్‌కు పంపండి" అని. మా వీడియో లింకు ఎన్నిసార్లు తెరిచారో మాకు కనపడుతుంది కదా, చూస్తే సున్నా. ఒక ఫెస్టివల్‌కు మోసపోయాం కూడా. పంపిన నాలుగో రోజే 'బెస్ట్ డాక్యుమెంటరీ' అన్నారు. ఆనందంతో స్వీట్లు పంచాం. మర్నాడు ట్రోఫీ కావాలంటే ఇంత, సర్టిఫికెట్ ప్రింటు కావాలంటే ఇంత అని రేట్ల పట్టిక వచ్చింది. ఆ నెల అదే అవార్డు ఇంకా ఎంతమందికి ఇచ్చారో లెక్కపెట్టి, ఆ లారెల్‌ను పోస్టరు మీంచి తీసేశాం.

ఫీజు కట్టేముందు ఈ ప్రశ్నలు వేసుకోండి. సినిమాలు నిజంగా ఒక హాల్లో వేస్తారా, ఆ హాలు పేరు ఎక్కడుంది? పోయిన ఏడాది షెడ్యూలు దొరుకుతోందా? ప్రేక్షకులు కూర్చున్న ఫొటోలున్నాయా, ట్రోఫీల ఫొటోలేనా? జ్యూరీలో ఎవరున్నారు? ఏడాదికొకసారి జరుగుతుందా, నెలనెలా 'విజేతలు' వస్తున్నారా? ట్రోఫీకి డబ్బులు అడుగుతారా? వీటిలో రెండు తేడాగా ఉంటే ఆ ఫీజుతో బిర్యానీ తినండి, మనసు బాగుంటుంది.

ఇంజనీర్లకు పనికొచ్చే భాగం

ఎంపికైతే హాల్లో వేయడానికి డీసీపీ అడుగుతారు. డిజిటల్ సినిమా ప్యాకేజ్. మనం ఎగుమతి చేసే ఎంపీ4 కాదిది. ఇందులో ప్రతి ఫ్రేమూ విడివిడిగా జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి ఉంటుంది, రంగులు ఎక్స్‌వైజెడ్ కలర్ స్పేస్‌లో ఉంటాయి, గరిష్ఠ బిట్‌రేటు సెకనుకు 250 మెగాబిట్లు. బయట చేయిస్తే డబ్బులు తీసుకుంటారు. డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మనమే చేసుకోవచ్చు. మేం అట్లాగే చేశాం.

ఇక్కడొక తిరకాసు. మేం కెమెరాలో 25 ఫ్రేముల సెట్టింగుతో తీశాం. ఏ హాల్లోనైనా ఇబ్బంది లేకుండా ఆడాలంటే 24 క్షేమం. ఉన్న ఫ్రేములనే 24 వేగంతో ఆడిస్తే 840 సెకన్ల సినిమా 875 సెకన్లవుతుంది. అంటే 14 నిమిషాలది 14 నిమిషాల 35 సెకన్లు. కాన్ షార్ట్ ఫిల్ముల పోటీలో టైటిళ్లతో కలిపి 15 నిమిషాలే హద్దు. ఇంకాస్త పొడుగుంటే గీత దాటేవాళ్లం. గొంతుల శ్రుతి కూడా కొంచెం దిగుతుంది, సరిచేసుకోవాలి. కాబట్టి షూటింగ్ మొదటి రోజే 24 పెట్టుకోండి.

సైజు లెక్క కూడా చూడండి. 250 మెగాబిట్ల చొప్పున 875 సెకన్లంటే గరిష్ఠంగా సుమారు 27 గిగాబైట్లు. హాస్టల్ వైఫై అప్‌లోడ్ వేగం 10 మెగాబిట్లు అనుకుంటే ఆరు గంటలు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. మేం రాత్రి రెండింటికి మొదలుపెట్టి, వంతులవారీగా కాపలా కాశాం.

సబ్‌టైటిళ్లు ఇంకో చదువు. వరుసకు 42 అక్షరాలు మించకుండా, రెండు వరుసలకు మించకుండా ఉంటే చదవడానికి వీలుగా ఉంటుంది. తాత ఒకచోట "నా పానం అండ్లనే ఉన్నది బిడ్డా" అంటాడు. గేటు వైపు చూస్తూ అంటాడు. దీన్ని ఇంగ్లిష్‌లో పెట్టడానికి మూడు రోజులు కొట్టుకున్నాం. పానం అంటే ప్రాణమూ, ఒళ్లూ, మనసూ అన్నీ కదా. చివరికి చిన్న మాటతో సరిపెట్టి, మిగతాది ఆయన మొహానికి వదిలేశాం. మన క్లబ్బువాళ్లు సాయం చేయగలిగిన పని ఇది. సబ్‌టైటిల్ కూడా సాహిత్యమే.

పాటల హక్కులు మర్చిపోకండి. మా షాటులో టీ కొట్టు రేడియోలో ఒక పాత సినిమా పాట వినిపిస్తుంది. ఎంత సహజంగా ఉందో అని మురిసిపోయాం. దరఖాస్తులో "సంగీతం హక్కులన్నీ మీవేనా?" అని అడిగారు. ఆ పాట తీసేసి, మళ్లీ వెళ్లి ఖాళీ సౌండు రికార్డు చేసుకొచ్చాం. పన్నెండో బస్సు ప్రయాణం అదే.

సెన్సార్ సంగతి. టికెట్టు పెట్టినా పెట్టకపోయినా, జనం కోసం హాల్లో వేయాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఉండాలి. ఫెస్టివళ్లు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకుంటాయి కాబట్టి మనకు అవసరం పడదు. జాతీయ అవార్డులకు పంపాలంటే మాత్రం సర్టిఫికెట్ తప్పనిసరి. సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

మనకన్నా ముందు నడిచినవాళ్లు

ప్రీమియర్ నుంచి జనం దాకా ఎంత దూరం ఉంటుందో కొన్ని తెలుగు సినిమాల తేదీలు చూస్తే తెలుస్తుంది.

రజనేష్ దోమలపల్లి మనలాంటి ఇంజనీరే. ఐఐటీ బొంబాయిలో చదివి, అమెరికాలో ఉద్యోగం చేసి, తర్వాత కొలంబియా యూనివర్సిటీలో సినిమా చదువుకున్నారు. అక్కడి థీసిస్ కోసం తీసిన తెలుగు సినిమా 'వనజ'. నటులంతా కొత్తవాళ్లు. 2006లో టొరంటోలో ప్రీమియర్ అయింది, 2007లో బెర్లిన్‌లో ఆడింది, అదే ఏడాది ఆగస్టు చివర్లో అమెరికా థియేటర్లలోకి వచ్చింది. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకు నాలుగు నక్షత్రాలిచ్చారు. ఇంత జరిగినా మన ఊళ్లలో ఆ పేరు విన్నవాళ్లు ఎందరు? మీ బ్లాకులో అడిగి చూడండి.

'కేరాఫ్ కంచరపాలెం' దారి వేరు. వెంకటేష్ మహా విశాఖలోని కంచరపాలెం మనుషులతోనే తీశారు. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో డాక్టరు. 2018 మేలో న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆడింది. సురేష్ ప్రొడక్షన్స్ చేయందిస్తే సెప్టెంబర్ 7న విడుదలైంది. నాలుగు నెలలే. ఒక పెద్ద సంస్థ భుజం పడితే దూరం ఎంత తగ్గుతుందో చూడండి. అదే సినిమాను నిర్మాత విదేశీ పౌరురాలన్న కారణంతో జాతీయ అవార్డుల పరిశీలనకు తీసుకోలేదని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. రూల్స్ పేజీ చదవమని నేను మళ్లీ మళ్లీ అనేది ఇందుకే. దర్శకుడి తర్వాతి సినిమా 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' వచ్చింది 2020 జులైలో, నేరుగా ఓటీటీలో.

'ముత్తయ్య' ఇంకా ఓపిక పట్టింది. సినిమాల్లో నటించాలని కలలుగనే డెబ్బై ఏళ్ల పల్లెటూరి ముసలాయన కథ. 2022లో లండన్‌లో యూకే ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రీమియర్ అయింది. మనం ఓటీటీలో చూసింది 2025 మేలో. మూడేళ్లు. మధ్యలో ఆ సినిమా హీరో సుధాకర్‌రెడ్డి 'బలగం'లో కొమురయ్యగా ఇంటింటికీ తెలిసిపోయారు.

మన జిల్లా కథ 'పూర్ణ'. సిరికొండ మండలం పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. రాహుల్ బోస్ హిందీలో తీసిన ఆ సినిమా షూటింగ్ పాకాలలోనూ జరిగింది. 2017 జనవరిలో అమెరికాలోని పామ్ స్ప్రింగ్స్‌లో ప్రీమియర్, మార్చి 31న ఇక్కడ విడుదల.

ఇంకొకటి చెప్పి ఆపుతా. శేఖర్ కమ్ముల కూడా ఇంజనీరింగ్ చదివినవారే. తొలి సినిమా 'డాలర్ డ్రీమ్స్'కు కొత్త దర్శకుల జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా 2000లో వచ్చింది. జనానికి ఆయన పేరు తెలిసిన 'ఆనంద్' 2004లో. జాతీయ అవార్డు చేతిలో ఉన్న మనిషికీ మధ్యలో నాలుగేళ్లు పట్టాయి. ఆ తర్వాత పదమూడేళ్లకు అదే మనిషి మన బాన్సువాడకు వచ్చి 'ఫిదా' తీశారు.

ఈ తేదీలన్నీ చూశాక నాకు అర్థమైంది ఒకటే. ప్రీమియర్‌తో సినిమా పని సగమే అయినట్టు. మిగతా సగానికి షూటింగ్‌కు పట్టినంత కష్టమే పడుతుంది, కానీ అప్పుడు చుట్టూ యూనిట్ ఉండదు, చప్పట్లు ఉండవు.

తాత సంగతి

పదో ఫెస్టివల్ నుంచి "సెలెక్టెడ్" అని వచ్చింది. చిన్నదే, హైదరాబాద్‌లో, నిజంగా హాల్లో వేసేది. మిగతా రెండూ ఇప్పటికీ "పరిశీలనలో" అనే చూపిస్తున్నాయి. సంతోషంతో ఎగిరి గంతేసి కిందకు చూస్తే తాతకు మాటిచ్చి రెండు నెలలు దాటింది. అప్పుడు బుద్ధొచ్చి ఆ ఫెస్టివల్ వాళ్లకు మెయిల్ రాశాం: సెమినార్ హాల్లో పోస్టరు వేసి చూపించిన సంగతి దాచకుండా చెప్పి, సినిమాలో ఉన్న మనుషులకు వాళ్ల ఊళ్లో చూపించవచ్చా అని అడిగాం. మర్నాడే జవాబొచ్చింది. కాలేజీ షోతో తమకు ఇబ్బంది లేదట. సినిమాలో పాల్గొన్నవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు, ప్రకటన లేకుండా చూపించడానికి ఎప్పుడూ అభ్యంతరం లేదు అన్నారు.

ఎప్పుడూ అభ్యంతరం లేదు! రెండు నెలల కిందట అడిగినా ఇదే జవాబు వచ్చేది.

ఆ ఆదివారమే ప్రొజెక్టర్ అద్దెకు తీసుకుని శక్కర్‌నగర్ వెళ్లాం. తాత వాళ్ల వాకిట్లో గోడకు తెల్ల దుప్పటి కట్టాం. ముప్పై మంది దాకా వచ్చారు. సెమినార్ హాల్లో నవ్వినచోట వీళ్లు నవ్వలేదు. సెమినార్ హాల్లో ఎవరూ పట్టించుకోని ఒక షాటు ఉంది, తుప్పుపట్టిన అటెండెన్స్ బోర్డు. అది రాగానే అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి నంబరు ఎంతో చెప్పుకున్నారు. ఆ షాటు మళ్లీ పెట్టమన్నారు. మూడుసార్లు పెట్టాం. ఏ జ్యూరీ చెప్పగలదు మాకు, మా సినిమాలో అసలైన షాటు అదని?

తాత కొడుకు మాత్రం లేడు. వెళ్లిపోయి నెల దాటింది. దుబాయ్‌లో రూములో కూర్చుని ప్రైవేటు లింకులో చూశాడట, వీడియో కాల్‌లో చెప్పాడు. అందరూ వెళ్లాక తాత మా ముందు చాయ్ పెట్టి ఒకటే అన్నాడు.

"మంచిగనే తీసిన్రు. జర ఒక్క మాట అడుగుతే అయిపోవు గద బిడ్డా."

మా దగ్గర జవాబు లేదు. "అవును తాతా" అన్నాం.

అందుకే ఇప్పుడు మా లిస్టులో ఫెస్టివళ్ల పేర్ల కన్నా ముందు ఒక వరుస ఉంటుంది. సినిమాలో ఉన్నవాళ్లకు మొదట చూపించాలి. అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకునే రోజే, ఎప్పుడు చూపిస్తామో, ఎక్కడెక్కడికి పంపుతామో, యూట్యూబ్‌లో ఎప్పుడు పెడతామో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పిన తేదీ తప్పితే ఫోన్ మనమే చేయాలి.

మన ఊరి కోటలోని జైల్లో ఉన్నప్పుడు దాశరథి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారని మనందరికీ తెలుసు. వాటి మొదటి పాఠకులు పక్కనే ఉన్న తోటి ఖైదీలు. పుస్తకాలు, బిరుదులు తర్వాత వచ్చాయి. ముందు పక్కవాడు చదివాడు. దేశమంతా తిరగాలని మనం సినిమా తీయడంలో తప్పులేదు, తిరగాలి కూడా. ఆ తిరుగుడు మొదలయ్యేది మాత్రం పక్కనున్న మనిషి దగ్గర్నుంచే.

మా సినిమాను వచ్చే డిసెంబర్‌లో, ఫెస్టివళ్ల గడువులన్నీ ముగిశాక, యూట్యూబ్‌లో పెడుతున్నాం. అప్పటిదాకా చూడాలనుకునే క్లబ్బు సభ్యులు అడగండి, లింకు, పాస్‌వర్డ్ ఇస్తాం. షార్ట్ ఫిల్మ్ తీస్తున్న టీములు మా ఫీజుల పట్టిక, మెయిళ్ల నమూనాలు, అనుమతి పత్రం కాపీ తీసుకోవచ్చు. మేం కట్టిన 9 వేలకు అంతమాత్రం పనికొస్తే చాలు.